తేనెటీగలకు చేరిన కబురు

"సోమవారం ఎలా సర్దావో ఇప్పుడూ అలాగే సర్దు, మిసెస్ గూచ్. తొందరేమీ లేదు," అన్నాడు మా తమ్ముడు గిడియన్.

మంచం మీద తోలుసంచి నోరు తెరుచుకుని ఉంది. ఆ ఇంటి ఇల్లాలు అడీలా థోర్న్‌బీ సోమవారం సాయంత్రం తీసుకువెళ్ళిన సంచి కాదు ఇది, దానికి జోడు. కెజయా గూచ్ బీరువా తెరిచింది. ఇరవై ఏళ్ళుగా ఆ ఇంట్లో వంటా తాళంచెవులూ చూసుకుంటున్న మనిషి. ఎర్రటి గట్టి చేతులు.

తీసుకువెళ్ళిన బట్టలకు బదులుగా వాటిలాంటివే ఒక్కొక్కటీ పెట్టుకుంటూ వచ్చింది. ఉన్ని గౌను. రాత్రి గౌన్లు. మేజోళ్ళు, ఒకదానిలో ఒకటి దోపి. బరువైన చలికోటు.

"ఆవిడ వెళ్ళింది దక్షిణ తీరాన టార్కీకి, అక్కడ ఇంకా ఎండలే కాస్తున్నాయి కదమ్మా. చలికోటు ఎందుకు?" అన్నాను నేను.

"అమ్మగారికి చలెక్కువండి."

"ఇంకేం పెట్టావు?"

ఆమె గోడవైపు చూసింది. అక్కడ ఉత్త మేకు ఉంది. మేకు కింద గోడ కాగితం గుండ్రంగా, రంగు తగ్గకుండా మిగిలింది.

"అమ్మగారి నాన్నగారి బొమ్మ. ఓడ కెప్టెనండీ ఆయన. దాన్ని మటుకు అమ్మగారే దించి, శాలువాలో చుట్టి పెట్టుకున్నారు."

నేను చాలామందికి సంచులు సర్దాను. మొదట మా నాన్నకి. తర్వాత నేను పెళ్ళాడవలసిన మనిషికి. ఆ తర్వాత ఇన్నేళ్ళుగా గిడియన్‌కి. సంచి చూస్తే మనిషి ఎన్నాళ్ళకు వెళ్తున్నదీ నాకు తెలుస్తుంది. స్నేహితురాలి ఇంట్లో వారం రోజులుండి వద్దామనుకున్న ఆడది తండ్రి బొమ్మ గోడ మీంచి దించుకుపోదు. గిడియన్ వైపు చూశాను. వాడు అప్పటికే నా వైపు చూస్తున్నాడు.

"ఆమె తిరిగి రావాలని వెళ్ళలేదు, అవునా మిసెస్ గూచ్?" అన్నాడు.

మిసెస్ గూచ్ సంచి గొళ్ళెం పెట్టబోయింది. అది పడలేదు.

తలుపు తట్టకుండానే సూపరింటెండెంట్ బ్యాగ్‌షా లోపలికి వచ్చాడు. ఆ ఊళ్ళో పుట్టి, ఆ జిల్లా పోలీసుల్లో పెద్దవాడైన మనిషి. లండన్ నుంచి గిడియన్‌ని పిలిపించడం అతనికి మొదటినుంచీ గిట్టలేదు.

"బట్టలు సర్దిస్తున్నారా, ఇన్‌స్పెక్టరుగారూ? మంచిది. మీవి కూడా సర్దించుకోండి. సాయంత్రం రైలుకి నేను పట్టుకున్న కుర్రాణ్ణి ఇప్స్‌విచ్ కోర్టుకి తీసుకుపోతున్నా. వచ్చే సోమవారం మేజిస్ట్రేటు ముందు పెడతా. ఆపైన జడ్జిగారు, ఆపైన తాడు. మీకిక్కడ పని లేదు."

"శవం దొరికిందా?"

"సముద్రం తన వీలు చూసుకుని ఇస్తుంది. మనలాగా దానికి రైలు లేదు."

అతను కేసును వేళ్ళమీద చెప్పాడు. వినగా వినగా మాకు కంఠతా వచ్చిన కేసే. సోమవారం సాయంత్రం రచయిత ఆంబ్రోస్ థోర్న్‌బీ స్వయంగా గుర్రబ్బండి తోలి భార్యను స్టేషనుకు దిగబెట్టి వచ్చాడు. మంగళవారం ఇంట్లోనే ఉన్నాడు. బుధవారం మధ్యాహ్నం అడీలా చెల్లెలి కొడుకు సిరిల్ ఫెన్ వచ్చి, వీధిలోకి వినబడేలా పెద్దనాన్నతో తగువు పడ్డాడు. చీకటి పడేలోపల వెళ్ళిపోయాడు. గురువారం పొద్దున్న గులకరాళ్ళ ఒడ్డున థోర్న్‌బీల పడవ బోర్లాపడి కనిపించింది. అందులో ఆయన కోటు, నెత్తురంటిన టోపీ ఉన్నాయి. ఆయన లేడు. సిరిల్‌ని బ్యాగ్‌షా అరెస్టు చేశాడు.

"గులకరాళ్ళకు పైనున్న ఇసుకలో అడుగుజాడలు చెక్కు చెదరలేదు. మంగళవారం రాత్రి కుండపోత కురిసింది. ఆ తర్వాత ఇవాళ్టి దాకా ఒక్క చినుకు లేదు. ఆ జాడలు వానకు ముందువైతే కొట్టుకుపోయేవి. అంటే బుధవారానివే. కుర్రాడి బూటు కొలతకీ దగ్గరగానే ఉన్నాయి," అన్నాడు బ్యాగ్‌షా.

"బోర్లాపడిన పడవలో కోటు ఎలా నిలిచింది?" అని అడిగాను.

అతను నన్ను అప్పుడే చూసినట్టు చూశాడు. "పడవలో కూర్చునే బల్లకు తాడేసి కట్టి ఉందమ్మా. మన అదృష్టం. లేకపోతే అలలు పట్టుకుపోయేవి."

"ఎవరు కట్టారు?"

"హంతకుడు."

"మనిషిని చంపి సముద్రంలో తోసినవాడు, చచ్చినవాడి కోటు పోలీసులకు దొరకాలని పదిలంగా ముడేసి వెళ్తాడా?"

బ్యాగ్‌షా గిడియన్ వైపు తిరిగాడు.

"నేనిది చదివాను," అన్నాను. "థోర్న్‌బీ మూడో నవల, 'పగడాల దిబ్బ'. అందులో నాయకుడు తనను చచ్చిపోయాడని లోకం నమ్మాలని పడవ బోర్లా తోసి, కోటు బల్లకు కడతాడు. కట్టేముందు తన వేలు కోసుకుని టోపీకి నెత్తురు పూస్తాడు."

"నేను నవలలు చదవనమ్మా. నవలలు చదివి చెడిపోయినవాళ్ళని పట్టుకుంటా. కుర్రాడు కూడా అది చదివే ఉంటాడు."

"చదివినా, చంపినవాడైతే పెద్దనాన్న చచ్చాడని తానే లోకానికి చాటుకుంటాడా? ఈ కిటుకు చచ్చినవాడికి పనికిరాదు. బతికి పారిపోయేవాడికే పనికొస్తుంది," అన్నాడు గిడియన్.

"అయితే ఆ బతికినవాణ్ణి సాయంత్రం రైలు వేళలోపు నా ముందు నిలబెట్టండి. టోపీ తీసి దండం పెడతా." బ్యాగ్‌షా నవ్వి, మిసెస్ గూచ్ వైపు తిరిగాడు. "టీ పెట్టు, కెజయా. లండన్‌వాళ్ళకి కడుపులో వేడి లేకపోతే బుర్ర పనిచేయదు."

సిరిల్‌ని వంటింట్లో కూర్చోబెట్టారు, గుమ్మంలో కానిస్టేబులు. శవం ఎక్కడ వేశాడో చూపిస్తాడని బ్యాగ్‌షా అతన్ని పొద్దున్నే లాకప్పునుంచి రప్పించాడు. ఇరవై నాలుగేళ్ళ వాడు. గడ్డం మాసింది. ముందు పెట్టిన రొట్టె, చల్లటి మాంసం ముట్టలేదు.

"తగువు దేనికి?" అడిగాడు గిడియన్.

"చెప్పను."

"నీ మెడకు తాడు పడుతుంది, తెలుసా?"

"తెలుసు."

"మీ పెద్దమ్మ ఎక్కడుంది?"

అతని చేతులు బల్ల మీద బిగుసుకున్నాయి. "టార్కీలో. అందరికీ తెలిసిందేగా."

"సూపరింటెండెంటు టార్కీకి తంతి కొట్టాడు. జవాబు లేదు."

సిరిల్ ముఖంలో భయం కనిపించింది. ఆ భయం తన కోసం కాదు. అలాంటి భయాన్ని నేను ఓడరేవుల దగ్గర చూశాను, ఓడ మునిగాక పోయినవాళ్ళ పేర్ల కాగితం అతికించేటప్పుడు జనం ముఖాల్లో.

"నాయనా, ఆవిడ తిరిగొచ్చి ఆయన్ను చంపిందని అనుకుంటున్నావా?" అన్నాను మెల్లగా.

"నేనలా అనలేదు." "ఆవిడ వచ్చేదాకా నేను నోరు విప్పను. వచ్చి, తానే చెప్పమంటే చెబుతా. మా అమ్మ పోయాక నన్ను పెంచింది ఆవిడ. మీరేం చేసుకుంటారో చేసుకోండి."

గిడియన్ నన్ను పెరట్లోకి తీసుకువెళ్ళాడు. గోడ వారగా, సున్నం వేసిన చెక్క బల్ల మీద, గడ్డితో అల్లిన తేనెగూళ్ళు బోర్లించిన బుట్టల్లా వరసగా ఉన్నాయి. చలికాలం దగ్గరపడింది కదా, ఈగలు బయటికి రాలేదు. దగ్గరగా వెళ్తే మటుకు లోపల సన్నని హోరు వినిపిస్తోంది. గది అవతల జనం మెల్లగా ఏడుస్తున్నట్టుంది.

ప్రతి గూటికీ నల్ల రిబ్బను కట్టి ఉంది.

"ఇదేమిటక్కా?" అన్నాడు గిడియన్. వాడు లండన్ పొగలో పెరిగినవాడు.

నా బదులు వెనకనుంచి బ్యాగ్‌షా చెప్పాడు. మమ్మల్ని వదలకుండా వెంబడిస్తూనే ఉన్నాడు.

"ఇంటి మనిషి పోతే తేనెటీగలకు కబురు చెప్పాలయ్యా. ఇంటి తాళంచెవితో గూటి మీద తట్టి, ఫలానావారు పోయారని పేరు చెప్పి, నల్ల గుడ్డ కట్టాలి. చెప్పకపోతే అవి చచ్చిపోతాయి, లేదా ఇల్లు విడిచి పోతాయి. వాటితో ఇంకో ప్రాణమూ పోతుంది. మా నాన్న పోయినప్పుడు మా అమ్మ ఆయన కళ్ళు మూసి, ముందు మా తేనెగూళ్ళ దగ్గరికే పరిగెత్తింది. కెజయా మర్యాద తెలిసిన మనిషి. యజమానికి కట్టింది. అందులో మీకు పనికొచ్చే ఆధారం ఏమీ లేదు."

గిడియన్ వంగి చూస్తున్నాడు. రిబ్బను మామూలు బట్టల దుకాణంలోది, రంగు నిలవనిది. నలుపు కారి గడ్డి మీద చారలు కట్టింది. చారలు కిందికి జారి, తెల్లటి బల్ల మీద మరకలై ఎండిపోయాయి.

"సూపరింటెండెంటుగారూ," అన్నాడు వాడు, నిటారుగా నిలబడకుండానే, "వాన ఎప్పుడు పడిందన్నారు?"

"మంగళవారం రాత్రి. చెప్పానుగా."

"ఆ తర్వాత?"

"ఒక్క చినుకు..."

అతని చూపు రిబ్బను మీదికి వెళ్ళింది.

"ఈ రిబ్బను వానలో తడిసింది. అంటే మంగళవారం రాత్రికి ముందే కట్టారు," అన్నాడు గిడియన్. "థోర్న్‌బీని బుధవారం మధ్యాహ్నం ఎంతమంది చూశారు?"

"పోస్టుమాను," అన్నాడు బ్యాగ్‌షా మెల్లగా. "పాదిరిగారు. తగువు విన్నవాళ్ళంతా."

"బతికి ఉన్న మనిషికి..."

"కట్టరు." బ్యాగ్‌షా గిడియన్‌ని మాట పూర్తిచేయనివ్వలేదు. "బతికున్నవాళ్ళ పేరు ఈగలకు చెబితే వాళ్ళు పోతారు. ఈ సఫోక్ జిల్లాలో ఏ ఆడదీ ఆ పని చెయ్యదు. పీకమీద కత్తి పెట్టినా చెయ్యదు."

నవల చెబితే నవ్వినవాడు, అడుగుజాడల కొలతలు చెప్పి గొంతు పెంచినవాడు, ఇప్పుడు ఆ గూళ్ళ ముందు టోపీ తీసి నిలబడ్డాడు. గెలిచానన్న సంతోషం గిడియన్ ముఖంలో లేదు. మా ముగ్గురికీ ఒకే ప్రశ్న వచ్చింది.

మిసెస్ గూచ్ టీ పళ్ళెం పట్టుకుని పెరటి గుమ్మంలో నిలబడి ఉంది. ఎప్పుడొచ్చిందో తెలియదు. నేను వెళ్ళి పళ్ళెం అందుకున్నాను.

"కెజయక్కా," అన్నాడు బ్యాగ్‌షా. అప్పటిదాకా అతను ఆమెను అలా పిలవడం నేను వినలేదు. "మీ అమ్మా మా అమ్మా ఒకే వీధివాళ్ళు. నువ్వు నాతో అబద్ధం చెప్పొచ్చు. మేజిస్ట్రేటుతో చెప్పొచ్చు. వీటితో మటుకు చెప్పవు. ఎవరికోసం కట్టావు?"

"నన్ను ఉరి తీస్తారు బాబూ."

"ఎవరన్నారు?"

"అయ్యగారు." ఆమె గుమ్మానికి ఆనుకుంది. "ఈ ఈగలు అయ్యగారివి కావు. ఆయన పెరట్లోకే రారు. ఇవి అమ్మగారివి."

గిడియన్ ఆమెను రాతి అరుగు మీద కూర్చోబెట్టి, తానూ పక్కనే కూర్చున్నాడు. తొందరపెట్టలేదు. వాడి పనితనంలో నాకు నచ్చేది అదే, ఎదుటివాడు గుక్క తిప్పుకునేదాకా వాడు ఊరుకుంటాడు.

"సోమవారం పొద్దున్నుంచీ పైన మాటా మాటా అనుకున్నారు. అమ్మగారు సిరిల్ బాబు దగ్గరికి లండన్ పోతానన్నారు. ఇంక తిరిగి రానన్నారు. టార్కీ అన్నది ఊరివాళ్ళ కోసం."

"ఎందుకు వెళ్ళాలనుకుంది?"

"కథల గురించండి. అయ్యగారికి పడవెక్కితే వాంతులు. ఈ ఊరు దాటి ఎరగరు. అమ్మగారు ఓడలో పుట్టిన మనిషి, కెప్టెను కూతురు. రోజూ సాయంత్రం పొయ్యి దగ్గర కూర్చుని ఆవిడ చెప్పేవారు, ఆయన రాసుకునేవారు. అట్ట మీద ఆయన పేరు. ఈసారి చెప్పనన్నారు. పుస్తకాలేసే కంపెనీవాళ్ళకి నిజం చెబుతానన్నారు."

నేను చేతిలోని పళ్ళెం కింద పెట్టాను. ఆ నవలలు చదివే నాకు అక్షరాలు వంటబట్టాయి. ఒంటరిగా ఉన్న రాత్రుల్లో ఆ గొంతును తోడు తెచ్చుకున్నాను. అది ఎవరి గొంతో అంతదాకా నాకు తెలియదు.

"తర్వాత?" అన్నాడు గిడియన్.

"సాయంత్రానికి అయ్యగారు మెత్తబడ్డారు. తానే దిగబెడతానన్నారు. బయల్దేరేముందు అమ్మగారికి వేడి పాలు పట్టుకెళ్ళమన్నారు. ఆవిడకి నిద్రమందు అలవాటండీ, చుక్కలు నేనే వేసేదాన్ని. ఆవేళ పాలు బల్ల మీద పెట్టి, గ్లాసు కింద పెట్టే పళ్ళెం కోసం అటు తిరిగాను. ఆయన ఆ బల్ల దగ్గరే ఉన్నారు. నేను తీసుకెళ్ళి ఇచ్చాను. నా చేత్తోనే."

"ఆ తర్వాత ఆమెను చూశావా?"

"బండిలో. మూలకి ఆనించి కూర్చోబెట్టారు, ముఖానికి ముసుగు తెర. నిద్ర వస్తోందట అన్నారు. నేను చెయ్యి పట్టుకున్నాను, వెళ్ళొస్తాననైనా అంటారని. ఎప్పుడు ఊరెళ్ళినా నా వేళ్ళు నొక్కి వదిలేవారు. ఆ చెయ్యి నా చేతిలోంచి జారి ఒళ్ళో పడింది." ఆమె తన అరచేతి వైపు చూసుకుంది. "అయ్యగారు నా మీదికి వంగి, మందు నువ్వే వేశావు కెజయా, పాలు నువ్వే ఇచ్చావు, జ్ఞాపకం పెట్టుకో అన్నారు. బండి స్టేషను దారి పట్టలేదు. చిత్తడి వైపు పోయింది. తిరిగొచ్చినప్పుడు చక్రాలకి తుంగ చుట్టుకుని ఉంది."

"పాత తూము," అన్నాడు బ్యాగ్‌షా. అంతకన్నా ఏమీ అనకుండా వీధి గుమ్మంలోకి వెళ్ళి, మనుషుల్ని, గడకర్రల్ని తెమ్మని కేకేశాడు.

"ఎవరికీ చెప్పలేకపోయాను," అంది మిసెస్ గూచ్ నాతో. "వీటికి చెప్పకుండా ఉండలేకపోయాను. మంగళవారం పొద్దున్నే వచ్చి తట్టాను. అమ్మగారు పోయారు, మీరు పోకండి అన్నాను. ఆ కుర్రాణ్ణి పట్టుకున్నప్పటినుంచీ నాకు ముద్ద దిగలేదమ్మా. రోజూ చెబుదామనుకునేదాన్ని."

"ఇప్పుడు చెప్పావుగా. నువ్వు చంపలేదు. ఆ మాట నేను కోర్టులో చెబుతా," అన్నాడు గిడియన్.

పొద్దు వాలకముందే తూము దగ్గరనుంచి మనిషి వచ్చాడు. అతను వాకిట్లోనే ఆగి, టోపీ చేతిలో పట్టుకున్నాడు. బ్యాగ్‌షా అతనితో రెండు మాటలు మాట్లాడి మా దగ్గరికి వచ్చాడు. ముఖం వడలిపోయి ఉంది.

"ఆవిడ దొరికింది. మెడకు కంకర సంచి." గిడియన్ వైపు తిరిగి అన్నాడు. "హార్విచ్ రేవులో హాలండ్ పోయే ఓడలున్నాయి. బుధవారం రాత్రే ఎక్కి ఉంటాడు. ఎక్కకపోయి ఉంటే నా మనుషులు రేవులన్నీ చూస్తారు. మీరు నాతో వస్తారా?"

"వస్తా." గిడియన్ కోటు వేసుకుంటూ నన్ను అడిగాడు. "అక్కా, ఆ నవలలో పడవ బోర్లా తోసిన తర్వాత వాడేం చేస్తాడు?"

"ఓడెక్కడు. అందరూ ఓడల్లో వెతుకుతారని తెలిసి, దగ్గర్లోనే దాక్కుంటాడు. తన రహస్యం ఎరిగిన మనిషి ఒక్కరుంటారు. ఆ మనిషి కోసం వెనక్కి వస్తాడు."

అందరం మిసెస్ గూచ్ వైపు చూశాం. ఆ పన్నాగం కూడా పొయ్యి దగ్గర కూర్చుని అడీలా చెప్పిందే. తనను చంపినవాడికి తప్పించుకునే దారి ఆమే చూపించి పోయింది.

బ్యాగ్‌షా కానిస్టేబుల్ని వంటింటి గుమ్మంలోంచి తీసి మిసెస్ గూచ్ పక్కన నిలబెట్టాడు. ఇంక వంటింటికి కాపలా అక్కరలేదు. హార్విచ్ ప్రయాణం మానుకుని, ఇద్దరూ లాంతర్లు వెలిగించుకుని చిత్తడివైపు పాడుబడిన గుడిసెలు వెతకడానికి బయల్దేరారు. వెళ్ళేముందు గిడియన్ వంటింటి తలుపు వైపు చూసి, నా వైపు చూశాడు. కుర్రాడికి ఆ కబురు చెప్పడం వాడివల్ల కాదని నాకు తెలుసు.

లోపల సిరిల్ అలాగే కూర్చుని ఉన్నాడు. గుమ్మంలో పోలీసు లేకపోవడం చూసి లేచాడు. నా ముఖం చూసి మళ్ళీ కూర్చున్నాడు.

"నన్ను వదిలేస్తున్నారా?"

"వదిలేస్తున్నారు నాయనా. నువ్వు ఏ తప్పూ చేయలేదని తేలింది."

"ఎలా తేలింది? పెద్దమ్మ వచ్చి చెప్పిందా?" అతని ముఖం ఒక్కసారిగా వెలిగింది. "సోమవారం రాత్రంతా లండన్ స్టేషన్లో చూశాను. ఆఖరి బండి దాకా ఉన్నాను. రాలేదు. బుధవారం వచ్చి ఆయన్ని అడిగితే, నాకేం తెలుసు అన్నాడు. ఎక్కడుందండీ ఇన్నాళ్ళూ?"

నా జీవితంలో ఇలాంటి కబుర్లు నాకు ఎప్పుడూ సగం సగంగానే చెప్పారు. ఓడ ఆలస్యమైందన్నారు. ఇంకో రేవులో ఆగిందేమో అన్నారు. అలా చెప్పినవాళ్ళంతా మంచివాళ్ళే. వాళ్ళ మంచితనం వల్ల నేను ఏళ్ళ తరబడి తలుపు గడియ వేయకుండా పడుకున్నాను. ఈ కుర్రాడికి అలా చేయదలుచుకోలేదు. బల్ల మీద అతని చెయ్యి పట్టుకుని, పెద్దమ్మ చనిపోయిందని తేదీతో సహా చెప్పాను.

అడీలా థోర్న్‌బీ పంతొమ్మిది వందల తొమ్మిది, అక్టోబరు నాలుగో తేదీ సోమవారం సాయంత్రం ఆ ఇంట్లోంచి బయలుదేరింది. తిరిగి రాలేదు.